'రాలేదు' అనగలిగిన వారికి 'డిడ్ నాట్ కమ్' కొత్త కాదు

పేరు వెల్లడించవద్దని కోరిన ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆమెకు 36 ఏళ్లు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. తర్వాతి చదువు ఇంగ్లీషులో సాగినా, జవాబులు బట్టీ పట్టి పరీక్షలు గట్టెక్కానని ఆమే చెప్పుకున్నారు. 11 ఏళ్లుగా ఒక సంస్థలో లెక్కల విభాగంలో పనిచేస్తున్నారు. ఇన్నేళ్లలో ఆమె పనికి ఎవరూ వంక పెట్టలేదు. ఇప్పుడు టీమ్ లీడ్‌గా బాధ్యత తీసుకోమంటున్నారు. తీసుకుంటే వారానికి మూడుసార్లు బయటి క్లయింట్లతో ఇంగ్లీషులో మాట్లాడాలి.

రెండు నెలల కిందట ఒక మీటింగులో ఆమె 'డిడ్ యూ సెంట్ ద ఫైల్?' అని అడిగారు. వయసులో తనకన్నా చిన్నవాడైన సహోద్యోగి అందరి ముందూ 'సెంట్ కాదు, సెండ్' అని దిద్దాడు. ఇద్దరు నవ్వారు. ఆ రోజు నుంచి మీటింగుల్లో ఆమె నోరు విప్పడం లేదు. "నాకు హెల్పింగ్ వెర్బులన్నీ వరసగా వచ్చు. యామ్, ఈజ్, ఆర్ దగ్గర మొదలుపెట్టి కుడ్, మస్ట్ దాకా ఆపకుండా చెప్పగలను. 12 టెన్సుల పట్టిక బల్ల ముందు గోడకు అంటించుకున్నాను. కానీ మాట్లాడేటప్పుడు ఆ పట్టికలో ఎక్కడ వెతకాలో తెలియదు. వెతుక్కునేలోగా అవతలివాళ్లు వేరే విషయంలోకి వెళ్లిపోతారు" అని రాశారు.

ఇంట్లో పదేళ్ల కూతురు 'షి డోంట్ నో కాదమ్మా, షి డజంట్ నో' అని సరిచేస్తోందట. భర్తేమో 'అవతలివాళ్లకు అర్థమైతే చాలు, గ్రామరు గొడవ నీకెందుకు' అంటారు. స్నేహితురాలేమో 'ముందు గ్రామరంతా నేర్చుకో, మాట్లాడటం తర్వాత' అంటుంది. ఆమె అడిగినవి మూడు: ఈ ఇద్దరిలో ఎవరి మాట వినాలి? టీమ్ లీడ్ బాధ్యత వద్దనాలా? ఈ వయసులో ఇది నిజంగా పట్టుబడుతుందా? ఉత్తరం చివర ఒకే ఒక్క వాక్యం ఇంగ్లీషులో రాశారు: 'వాట్ ఐ షుడ్ డు?'

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని, 'నేను చేసే తప్పులు ఇవీ' అంటూ మీరు రాసిన వాక్యాలన్నీ పక్కన దించుకున్నాను. చివరి వాక్యంతో కలిపి 14 తేలాయి. ఏది ఏ రకం తప్పో చూసి విడదీస్తే, ఒక్క వాక్యం తప్ప మిగతావన్నీ మూడు కుప్పల్లో సర్దుకున్నాయి. 'నాకు ఇంగ్లీషే రాదు' అని మీరు నాలుగు చోట్ల రాశారు. నాకు కనిపించినంతలో మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నవి మూడు అలవాట్లు. ఆ మూడూ మీ తెలుగులోంచే వచ్చాయి. వాటికి మందు కూడా మీ తెలుగులోనే ఉంది. ముందు ఆ సంగతి చూద్దాం. టీమ్ లీడ్ విషయం, మీటింగు విషయం తర్వాత మాట్లాడుకుందాం. ఎందుకంటే ఈ భయం పరిమాణం ఎంతో తెలిస్తే గానీ ఆ నిర్ణయం సరిగ్గా తీసుకోలేరు.

మొదటి కుప్ప అన్నిటికన్నా పెద్దది. 'డిడ్ యూ సెంట్', 'హి డిడ్ నాట్ కేమ్', 'షి డోంట్ నో', 'హి కెన్ గోస్', 'దే మస్ట్ కేమ్' అన్నీ ఇందులోవే.

'అతను వచ్చాడు' అనే వాక్యం తీసుకోండి. రాకపోతే ఏమంటారు? 'అతను రాలేదు' అంటారు. ఇక్కడ ఏం జరిగిందో చూడండి. 'వచ్చాడు' అన్న ఒక్క మాటలో మూడు సంగతులున్నాయి. పని ఏమిటో తెలుస్తోంది, అది జరిగిపోయిందని తెలుస్తోంది, చేసింది అతనని తెలుస్తోంది. పక్కకు 'లేదు' వచ్చి చేరగానే ఆ 'వచ్చాడు' తన బరువంతా దించేసి ఉత్త 'రా' అయిపోయింది. ఎప్పటి సంగతో చెప్పే బాధ్యత 'లేదు' నెత్తికెత్తుకుంది. 'వచ్చాడులేదు' అని మీరు ఏనాడూ అని ఉండరు. అలా అనకూడదని మీకెవరూ నేర్పి ఉండరు కూడా.

ఇంగ్లీషులో జరిగేది సరిగ్గా ఇదే. 'కేమ్' పక్కకు 'డిడ్ నాట్' రాగానే, కేమ్ తనలోని భూతకాలాన్ని డిడ్ చేతికిచ్చి కమ్ అయిపోతుంది. 'డిడ్ నాట్' అంటే 'లేదు', 'కమ్' అంటే 'రా'. 'డిడ్ నాట్ కేమ్' అంటే 'వచ్చాడులేదు' అన్నట్టే. ఈసారి అనుమానం వచ్చినప్పుడు గోడ మీది పట్టిక జోలికి వెళ్లకండి. 'వచ్చాడులేదు' అని మనసులో ఒకసారి అనుకోండి. మీ చెవే వద్దంటుంది.

తెలుగులో కాదనడానికి 'లేదు' సాయం ఉంది సరే, మరి ప్రశ్నకో? 'వచ్చాడా?', 'పంపావా?' అంటాం. ఉన్న క్రియకు చివర ఒక దీర్ఘం చేర్చేస్తాం, క్రియ మాత్రం తన బరువు తానే మోస్తుంది. అందుకే ఈ తప్పు మీకు ప్రశ్నల్లోనే ఎక్కువ దొర్లుతోంది. 'పంపావు' అనే మాట నిండుగా మనసులో ఉండగానే, దాని ముందు డిడ్ తెచ్చి నిలబెడుతున్నారు. డిడ్, సెంట్ రెండూ భూతకాలాన్నే మోస్తున్నాయి. ఇంగ్లీషు దీనికి ఒప్పుకోదు. ఆ మూట ఒక్కరే మోయాలి, అదీ ముందు నిలబడ్డవాళ్లే మోయాలి. మీ అమ్మాయి సరిచేసిన వాక్యంలోనూ ఇదే సంగతి. 'షి నోస్' అన్నప్పుడు చివర వినిపించే ఆ 'స్', వాక్యంలోకి డు రాగానే దాని దగ్గరికి వెళ్లిపోతుంది. డు డజ్ అవుతుంది, నోస్ నో అవుతుంది.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి, మీకు ఊరట కోసం చెబుతున్నది కాదు, జరిగిన సంగతే. ఈ డు, డిడ్‌ల వాడుక ఇంగ్లీషులో ఆదినుంచీ ఉన్నది కాదు. 1611లో వెలువడిన ఇంగ్లీషు బైబిలులో 'నాకు తెలియదు' అనడానికి 'ఐ నో నాట్' అని కనిపిస్తుంది. ప్రశ్నల్లోనూ, కాదనడంలోనూ డు తప్పనిసరి కావడానికి రెండు మూడు శతాబ్దాలు పట్టింది. అంతకాలం ఇంగ్లీషువాళ్లలోనే కొందరు ఇలా, కొందరు అలా మాట్లాడుతూ వచ్చారు. ఇప్పటికీ ఇంగ్లీషు మాతృభాషగా పెరిగే చిన్నపిల్లలు, మాటలు నేర్చే వయసులో, 'డిడ్ హి వెంట్' లాంటి మాటలు అంటూనే ఉంటారు. పిల్లల భాష మీద పనిచేసినవాళ్లు దీన్ని నమోదు చేశారు. మీటింగులో మిమ్మల్ని చూసి నవ్వినవాళ్లకు ఈ సంగతి తెలిసి ఉండదు.

ఇదే కుప్పలో ఉన్న 'కెన్ గోస్', 'మస్ట్ కేమ్' సంగతి ఇంకా తేలిక. తెలుగులో 'నేను రావచ్చు', 'ఆమె రావచ్చు', 'వాళ్లు రావచ్చు' అంటాం. మనిషి మారినా 'రావచ్చు' మారడం లేదు. 'రావాలి', 'రాకూడదు' కూడా అంతే. అటు కెన్, మే, మస్ట్, షుడ్, విల్ కూడా ఎవరి కోసమూ రూపం మార్చుకోవు, పక్కనున్న క్రియను మార్చనివ్వవు కూడా. 'రాగలను', 'రాగలడు' మాత్రం తెలుగులో మనిషిని బట్టి మారతాయి, కాబట్టి ఆ పోలిక పట్టుకోకండి. 'రావచ్చు'ను పట్టుకోండి. 'హి కెన్' అన్నప్పుడు చివర 'స్' ఎందుకు రాదని మీరు అడిగారు. కెన్, మే, షల్, మస్ట్ పుట్టుకతో భూతకాలపు అచ్చులో పోసిన మాటలు, వాడుకలో వర్తమానానికి వచ్చాయి. 'హి కేమ్' పక్కన 'స్' రానట్టే వీటి పక్కనా రాదు. మస్ట్‌కు వేరే భూతకాల రూపం లేకపోవడానికీ మూలం అక్కడే ఉంది. 'నిన్న వెళ్లాల్సి వచ్చింది' అనాలంటే 'హ్యాడ్ టు గో' అని అరువు తెచ్చుకోవాలి. తెలుగులో 'వెళ్లాలి'కి కూడా సొంత భూతకాలం లేదు, మనమూ 'వెళ్లాల్సి వచ్చింది' అని వేరే క్రియను పిలుచుకుంటాం కదా.

రెండో కుప్ప 'యామ్' గొడవ. 'ఐ యామ్ నాట్ అండర్‌స్టాండ్', 'ఐ యామ్ అగ్రీ', 'వి ఆర్ సెండ్ ఎవ్రీ మండే'. దీనికి రెండు కారణాలు కనిపిస్తున్నాయి.

ఒకటి, 'నేను అకౌంటెంట్‌ని' అనే తెలుగు వాక్యంలో క్రియే లేదు. అది ఇంగ్లీషులో కుదరదు గనక బడిలో మనకు 'ఐ పక్కన యామ్ పెట్టాలి' అని వందలసార్లు చెప్పి ఉంటారు. చెప్పగా చెప్పగా ఐ, యామ్ రెండూ అతుక్కుపోయి 'ఐయామ్' అనే ఒకే మాటయింది. మన మనసులో దాని అర్థం 'నేను'. అందుకే ఏ వాక్యం మొదలుపెట్టినా అది ముందే వచ్చి కూర్చుంటుంది.

రెండో కారణం ఇంకా లోతైనది, దీన్ని నేను తరగతిలో చాలా ఆలస్యంగా గుర్తించాను. తెలుగులో 'లేదు' ఒక్కటే అయినా చాలా పనులు చేస్తుంది. 'ఫైలు ఇక్కడ లేదు' అన్నప్పుడు అది 'ఈజ్ నాట్'. 'ఫైలు రాలేదు' అన్నప్పుడు 'డిడ్ నాట్'. 'ఫైలు తెరుచుకోవడం లేదు' అన్నప్పుడు మళ్లీ 'ఈజ్ నాట్', వెంట ఇంగ్ రూపం. 'నాకు టైము లేదు' అన్నప్పుడు 'డు నాట్ హ్యావ్'. ఒకే 'లేదు'కు ఇన్ని జతలుంటే నోరు తడబడదా? దారి ఏమిటంటే, 'లేదు'కు ముందు ఏముందో చూడటం. ముందున్నది 'రా', 'పంప', 'చెప్ప' లాంటి ఉత్త రూపమైతే 'డిడ్ నాట్' వేసి మామూలు క్రియ పెట్టండి. 'రావడం', 'పంపడం' అని ఉంటే 'యామ్, ఈజ్, ఆర్'లలో ఒకటి, వెంట ఇంగ్. ఇక 'లేదు' అన్న మాటే లేకుండా 'ఆమె అబద్ధం చెప్పదు', 'మేము ఆదివారం పనిచేయం' అని అలవాటుగా కాదంటే, అది 'డజ్ నాట్', 'డు నాట్'. అదే 'రేపు నేను రాను' అన్నది ముందు సంగతి కాబట్టి 'విల్ నాట్'.

ఒక చోట మాత్రం తెలుగు మిమ్మల్ని పక్కదారి పట్టిస్తుంది. 'నాకు అర్థం కావడం లేదు' అంటాం గనక 'ఐ యామ్ నాట్ అండర్‌స్టాండింగ్' అనాలనిపిస్తుంది. తెలియడం, అర్థమవడం, ఒప్పుకోవడం, నమ్మడం, కావాలనుకోవడం, సొంతంగా కలిగి ఉండటం, ఇవి మనసులోనో చేతిలోనో నిలిచి ఉండే స్థితులు. వీటికి ఇంగ్లీషు సాధారణంగా ఇంగ్ తగిలించదు. 'ఐ డోంట్ అండర్‌స్టాండ్', 'ఐ అగ్రీ', 'ఐ హ్యావ్ ఎ డౌట్' అంటే సరిపోతుంది. ఇలాంటి కొన్ని క్రియలు మాత్రం గుర్తు పెట్టుకోక తప్పదు.

మూడో కుప్ప సాయపడే క్రియ ఎక్కడ నిలబడాలన్నది. 'వై యూ ఆర్ లేట్?' అన్నారు. మళ్లీ 'డు యూ నో వేర్ ఈజ్ ద ఫైల్?' అన్నారు. మొదటిదాంట్లో ఆర్ ముందుకు రావాలి, రాలేదు. రెండోదాంట్లో ఈజ్ వెనక్కి ఉండాలి, ముందుకొచ్చేసింది. 'ఎప్పుడు ముందుకు, ఎప్పుడు వెనక్కి?' అని మీరు విసిగిపోయి రాసిన వాక్యం కింద రెండు గీతలున్నాయి.

దీన్ని కూడా తెలుగే తేలుస్తుంది. 'ఫైలు ఎక్కడుంది?' అని సూటిగా అడుగుతాం. అదే ఇంకో వాక్యంలో పెట్టి అడిగితే 'ఫైలు ఎక్కడుందో తెలుసా?' అంటాం. 'ఉంది' కాస్తా 'ఉందో' అయింది. 'అతను ఎప్పుడు వచ్చాడు?', 'అతను ఎప్పుడు వచ్చాడో చెప్పండి.' ఆ చివరి 'ఓ' మీకు గుర్తు. తెలుగులో 'ఓ' రాకపోతే ఇంగ్లీషులో సాయపడే క్రియ కర్తకు ముందుకు రావాలి: 'వేర్ ఈజ్ ద ఫైల్?', 'వెన్ డిడ్ హి కమ్?'. తెలుగులో 'ఓ' వస్తే వరస మామూలే: 'వేర్ ద ఫైల్ ఈజ్', 'వెన్ హి కేమ్'. చూడండి, రెండోదాంట్లో డిడ్ అవసరం తీరిపోయింది, కేమ్ మళ్లీ తన మూట తానే ఎత్తుకుంది.

'కదా' సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను. మనకు అన్నిటికీ ఒకే 'కదా'. ఇంగ్లీషుకు మాత్రం ముందు వాక్యంలో ఏ సాయక్రియ ఉంటే దాన్నే, ఏదీ లేకపోతే డు, డజ్, డిడ్‌లలో ఒకదాన్ని తెచ్చి, తిరగేసి అడగాలి: 'యూ ఆర్ కమింగ్, ఆరంట్ యూ?', 'షి సెంట్ ఇట్, డిడంట్ షి?'. మాట్లాడే వేగంలో ఇది కష్టమనిపిస్తే, 'రైట్?' అని ఊరుకోండి. అందరూ అంటారు, ఎవరూ తప్పు పట్టరు.

ఇక కుప్పల్లో ఇమడని ఆ ఒక్క వాక్యం. 'నాకు ముందే చెప్పి ఉండాల్సింది' అనే అర్థంలో 'యూ వుడ్ హ్యావ్ టోల్డ్ మి' అని మెయిలు రాశానన్నారు. ఈ వాక్యం చూసి నాకు నిజంగా సంతోషం కలిగింది. వుడ్ బదులు షుడ్ ఉండాలి, అంతే. మూడు క్రియల గొలుసును మీరు వరస తప్పకుండా పేర్చారు. ఎలా పేర్చగలిగారో చెబుతాను. 'చెప్పి – ఉండ – ఆల్సింది' అనే తెలుగు గొలుసును అద్దంలో పెట్టి చూడండి. వెనక నుంచి చదివితే షుడ్, హ్యావ్, టోల్డ్. ఇంకా పొడుగుది తీసుకుందాం: 'ఆ టైములో పని చేస్తూ ఉండి ఉంటాడు.' చేస్తూ అంటే వర్కింగ్, ఉండి అంటే బీన్, ఉంటాడు అంటే మస్ట్ హ్యావ్. తిరగేస్తే 'హి మస్ట్ హ్యావ్ బీన్ వర్కింగ్'. మన క్రియ వాక్యం చివర ఉంటుంది గనక సాయక్రియలు దాని వెనక చేరతాయి. వాళ్ల క్రియ మధ్యలో ఉంటుంది గనక సాయక్రియలు దాని ముందు చేరతాయి. ఆ 'ఉండి ఉంటాడు'లో ఒకే 'ఉండు' రెండుసార్లు రావడం మనకు వింత అనిపించదు. అలాంటప్పుడు 'వాట్ డు యూ డు?'లో డు రెండుసార్లు ఎందుకొచ్చిందన్న ప్రశ్నకు కూడా జవాబు దొరికినట్టే. ఒకటి సాయానికి వచ్చింది, ఒకటి అసలు పని.

మీరు వరసగా అప్పజెప్పగలిగే ఆ జాబితా ఉంది చూశారా, బీ కుటుంబంలో 8, హ్యావ్‌లో 3, డులో 3, కెన్ లాంటివి 9, మొత్తం 23. కొన్ని పుస్తకాల్లో 'ఆట్ టు'లోని ఆట్ కూడా కలిపి 24 అంటారు. ఆ వరస మీకు తప్పుగా ఏమీ నేర్పలేదు. కానీ ఎవరి పక్కన ఎవరు నిలబడతారో అది చెప్పదు. అది నాలుగు ముక్కల్లో ఉంది. డు గానీ, కెన్ లాంటివి గానీ వస్తే వెంటనే ఉత్త క్రియ. హ్యావ్ వస్తే టోల్డ్, బీన్ లాంటి మూడో రూపం. బీ వస్తే, పని జరుగుతూ ఉంటే ఇంగ్, పని ఎవరిచేతనో జరిగితే మూడో రూపం. కాలం ఎప్పుడూ మొదటి సాయక్రియ దగ్గరే ఉంటుంది. గోడ మీది పట్టిక స్థానంలో ఈ నాలుగు ముక్కలు అంటించుకున్నా చాలు.

ఇక మీ భర్త, మీ స్నేహితురాలు.

స్నేహితురాలు చెప్పిన దారిలో వెళితే రాతలో తప్పులు తగ్గుతాయి, ఒక నమ్మకమూ వస్తుంది. కానీ గ్రామరంతా పూర్తయ్యే రోజంటూ ఒకటి ఉండదు. ఆ రోజు కోసం ఎదురుచూస్తూ మీరు మౌనంగా ఉండిపోతారు. పట్టికలో ఉన్న జ్ఞానం నోటికి అందకపోవడమే కదా మీ ఇప్పటి బాధ, అది ఇంకాస్త పెరుగుతుంది. భర్త చెప్పిన దారిలో వెళితే నోరు విప్పుతారు, అది చిన్న లాభం కాదు. 'యూ సెంట్ ద ఫైల్?' అని స్వరం ఎత్తి అడిగినా అవతలివాళ్లకు అర్థమవుతుంది, ఇంగ్లీషువాళ్లు కూడా మాటల్లో అలా అడుగుతారు. కానీ మీది లెక్కల పని. 'యూ మస్ట్ నాట్ సెండ్ ద ఒరిజినల్స్' అంటే ఒరిజినల్స్ పంపకూడదు. 'యూ డోంట్ హ్యావ్ టు సెండ్' అంటే పంపనక్కర్లేదు, పంపితే అభ్యంతరమూ లేదు. 'వి డిడ్ నాట్ రిసీవ్ ద పేమెంట్ ఇన్ మార్చ్' అంటే మార్చిలో అందలేదనే అర్థం. 'వి హ్యావ్ నాట్ రిసీవ్డ్ ద పేమెంట్' అంటే ఈ రోజు వరకూ అందలేదు, ఇంకా ఎదురుచూస్తున్నామని. 'మే' అనాల్సిన చోట 'మస్ట్' అంటే అనుమతి కాస్తా ఆజ్ఞ అయిపోతుంది. అర్థమైతే చాలు అనుకునే చోటే అర్థం మారిపోతుంటే ఏం చేస్తాం? ఈ ఒక్క విషయంలో మీ వారితో నేను ఏకీభవించలేను.

ఈ రెంటికీ మధ్య ఇంకో దారి ఉంది. రాతను, మాటను వేరు చేయడం. మెయిలు రాసేటప్పుడు సమయం మీ చేతిలో ఉంటుంది. పంపే ముందు మిగతా అంతా వదిలేసి సాయక్రియల కింద గీత గీసినట్టు చూసుకోండి, ప్రతిదాని పక్కన ఎవరున్నారో చూడండి. రెండు నిమిషాల పని. మాట్లాడేటప్పుడు మాత్రం ఒక్క డిడ్ తప్ప ఏదీ పట్టించుకోకండి. అది కుదిరాక, అంటే పది ప్రశ్నల్లో ఎనిమిది సరిగ్గా వస్తున్నాయని మీకే తెలిశాక, యామ్ సంగతి చూడండి. ఆ తర్వాతే స్థానం సంగతి. రాత్రి పడుకోబోయే ముందు, ఆ రోజు మీరు తెలుగులో నిజంగా అన్న 'లేదు' వాక్యాలు ఐదు గుర్తు తెచ్చుకుని ఇంగ్లీషులో పైకి అనండి. పుస్తకంలోని వాక్యాలు వద్దు, మీ నోటి నుంచి వచ్చినవే కావాలి. ఈ దారికీ ఒక ఖరీదు ఉంది. కొన్ని వారాలపాటు మాటల్లో తప్పులు వస్తూనే ఉంటాయి, అవి తప్పులని మీకు తెలుస్తూనే ఉంటుంది. తెలిసీ ఆగకుండా వాక్యం పూర్తి చేయడం మొదట్లో మనసుకు కష్టం. అది ఓర్చుకోగలరా లేదా అన్నది మీకే తెలుసు. ఓర్చుకోలేనంత బాధగా ఉంటే, మొదటి నెల రాత మీదే ఉండి, మాటలో చిన్న చిన్న వాక్యాలతో సరిపెట్టుకోవడం కూడా తప్పేమీ కాదు.

టీమ్ లీడ్ బాధ్యత వద్దంటే ఈ భయం ఇప్పటికి తప్పుతుంది. దాంతోపాటు ఇంగ్లీషు మాట్లాడాల్సిన అవసరమూ తప్పుతుంది, ఏడాది తర్వాత కూడా మీరు ఇక్కడే ఉంటారు. ఏమీ చెప్పకుండా ఒప్పుకుంటే, మొదటి రెండు నెలలు చాలా కష్టంగా ఉంటాయి, ఎవరి సాయమూ అడగలేరు. ఒప్పుకుంటూనే మీ పై అధికారితో మాట్లాడుకునే వీలూ ఉంది. ప్రతి కాల్‌కు ముందు అడగాల్సిన ప్రశ్నలు రాసి పంపుతాననీ, అయ్యాక మాట్లాడుకున్న విషయాలు మెయిలులో పెడతాననీ, మొదట్లో ఎవరైనా తోడు ఉంటే బాగుంటుందనీ చెప్పవచ్చు. అడగాల్సిన ప్రశ్నలు ముందే రాసుకుంటే మీ మొదటి కుప్ప తప్పులు సగం అక్కడే తీరిపోతాయి. దీనికి మీ ఇబ్బందిని మీ నోటితో ఒప్పుకోవాల్సి ఉంటుంది. ఆయన లేదా ఆమె ఎలాంటివారో, దాన్ని సాయానికి వాడతారో మీ మీదే వాడతారో మీరు 11 ఏళ్లుగా చూస్తున్నారు, నేను చూడలేదు. ఆ అంచనా మీదే. నా మొగ్గు ఎటువైపో దాచను. ఇన్నేళ్ల మంచి పేరు ఉన్న మనిషి మూడు అలవాట్ల కోసం ఆ కుర్చీ వదులుకోవడం నాకు ఇష్టం లేదు.

అందరి ముందు దిద్దిన ఆ అబ్బాయి విషయంలో మీకు కోపం ఉంది. ఉండటం న్యాయమే. ఆ సంగతి అలాగే వదిలేయవచ్చు, కానీ మీటింగులో అతని ముఖం కనపడినప్పుడల్లా మీ మాట ఆగిపోతున్నట్టయితే వదిలేసినట్టు కాదు. విడిగా పిలిచి, 'నువ్వు దిద్దింది సరైనదే. కానీ ఇకముందు అందరిలో వద్దు, అయ్యాక నాకు చెప్పు' అని ఒక్క మాట అనవచ్చు. అతను సిగ్గుపడవచ్చు, సాకులు చెప్పవచ్చు, నిజంగా సాయపడనూవచ్చు. ఏది జరిగినా ఆ గదిలో మీరు మాట్లాడటానికి అతని అనుమతి అక్కర్లేదన్నది మీకు తెలిసొస్తుంది.

మీ అమ్మాయిని మాత్రం ఆపకండి. ఆమె దిద్దినప్పుడు, 'మరి అది ఎందుకలా అవుతుంది?' అని అడగండి. చాలామంది పిల్లలు 'అంతే అమ్మా' అంటారు. అప్పుడు ఆమెకు 'వచ్చాడు', 'రాలేదు' సంగతి మీరు చెప్పండి. ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లలకు తమ తెలుగులో ఇలాంటి ఏర్పాటు ఉందని తెలియడం చాలా అవసరం. మీరు ఆమె దగ్గర ఒకటి నేర్చుకుంటారు, ఆమె మీ దగ్గర ఒకటి నేర్చుకుంటుంది.

వయసు గురించి అడిగారు. పెద్దయ్యాక నేర్చుకునేవారికి ఉచ్చారణ పట్టుబడటం కష్టం, అది నిజం. కానీ ఒక నియమం వెనక ఉన్న కారణాన్ని అర్థం చేసుకుని దాన్ని తమ మాటలోకి తెచ్చుకోవడంలో పెద్దవాళ్లు పిల్లలకన్నా వెనకబడి ఉండరు. మీకిప్పుడు కావాల్సింది ఆ రెండోదే.

మీ ఉత్తరంలోని చివరి వాక్యం, 'వాట్ ఐ షుడ్ డు?', నేను దిద్దడం లేదు. అందులోని నాలుగు మాటలూ సరైనవే, డు కూడా ఉత్త క్రియగా దాని రూపంలోనే ఉంది. 'నేనేం చేయాలి?' అన్న మీ ప్రశ్నలో చివర 'ఓ' ఉందా, లేదా? అది చూసుకుని, ఆ నాలుగు మాటల్లో ఏ రెండు చోటు మార్చుకోవాలో మీరే మార్చి, మీ టీమ్ లీడ్ నిర్ణయంతో పాటు నాకు రాసి పంపండి.